తినకుండా పరుగెత్తే ఎలుక: తిండి రుగ్మతల ప్రయోగాల్లో పరిసరాల పాత్ర

1967లో అమెరికాలో రౌటెన్‌బర్గ్, కుజ్నెసాఫ్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక ప్రయోగం ప్రచురించారు. ఎలుకలకు రోజుకు ఒక గంట మాత్రమే మేత పెట్టారు. ఆ గంటలో ఎంత కావాలంటే అంత తినొచ్చు. మామూలు బోనులో ఉన్న ఎలుకలు మొదట కాస్త చిక్కాయి. కొన్నాళ్లకు ఆ గంటలోనే కడుపు నింపుకోవడం నేర్చుకుని నిలదొక్కుకున్నాయి. పరుగు చక్రం అమర్చిన బోనుల్లోని ఎలుకలు మాత్రం రోజురోజుకూ ఎక్కువ పరుగెత్తాయి, తోటి ఎలుకలకన్నా తక్కువ తిన్నాయి. ఎవరూ అడ్డుపడకపోతే చచ్చిపోయేదాకా అదే వరస. చక్రం ఒక్కటే ఉండి మేత రోజంతా అందుబాటులో ఉంటే ఎలుకకు ఏమీ కాదు. మేతకు గంట పరిమితి ఒక్కటే ఉన్నా బతుకుతుంది. ఆ రెండూ ఒకే బోనులో కలిసినప్పుడే ఆరోగ్యంగా ఉన్న జంతువు తనను తాను ఎండగట్టుకుంటుంది.

ఎలుకలు చక్రంలో పరుగెత్తే తీరును కర్ట్ రిక్టర్ 1922 నాటికే నమోదు చేశాడు. 1954లో హాల్, హాన్‌ఫర్డ్ ఈ చిక్కిపోవడాన్ని వర్ణించారు. 1970లలో విలియం పారే ఇలాంటి ఎలుకల కడుపుల్లో పుండ్లు చూసి, ఇది ఒత్తిడి వల్ల వచ్చే అల్సర్లకు నమూనా అనుకున్నాడు. తర్వాత కెనడాలో ఎప్లింగ్, పియర్స్ దీన్ని మనుషుల్లో కనిపించే అనొరెక్సియా నెర్వోసాతో ముడిపెట్టారు. అతిగా వ్యాయామం చేస్తూ తిండి తగ్గించుకునే రోగులకూ ఈ ఎలుకలకూ దగ్గరి పోలిక ఉందన్నారు. నేడు ఈ రంగంలో ఎక్కువగా వాడే నమూనా ఇదే. ఎలుక తొలి బరువులో పాతిక శాతం తగ్గగానే ప్రయోగం ఆపి బయటకు తీయడం ఇప్పటి పద్ధతి.

ఈ అరవై ఏళ్ల పరిశోధనను కాస్త దూరం నుంచి చూస్తే ఒక విషయం స్పష్టంగా తేలుతుంది. చాలా ప్రయోగాల్లో పరిసరాలను నేపథ్యంగా పక్కనపెట్టి మందు గురించో, జన్యువు గురించో, మెదడులోని ఒక రసాయనం గురించో రాశారు. కానీ రోగాన్ని పుట్టించినదీ, పోగొట్టినదీ తరచు ఆ పరిసరాలే. అవి కూడా విడివిడిగా కాక జతకట్టి పనిచేశాయి. రెండు చేతులు కలిస్తేనే చప్పుడు అన్నట్టు, ఏ ఒక్క కారణమూ దానంతట అది రోగాన్ని తేలేదు. ఈ వ్యాసంలో నేను పట్టి చూడదలచినది ఈ జతలనే.

ముందుగా ఒక అనుమానం తీర్చుకోవాలి. బోనులో బందీ అయిన జంతువు విసుగు పుట్టి చక్రం తొక్కుతుందేమో, అప్పుడు ఈ నమూనా మొత్తం బందిఖానా తెచ్చిన వికారమే కదా? 2014లో నెదర్లాండ్స్‌లోని లైడెన్ పరిశోధకులు మైయర్, రాబర్స్ పరుగు చక్రాలను ఆరుబయట, అడవి జంతువులు తిరిగే చోట పెట్టి కెమెరాలు బిగించారు. స్వేచ్ఛగా తిరిగే చిట్టెలుకలు తమంతట తామే వచ్చి చక్రాలెక్కి పరుగెత్తాయి. కాబట్టి పరుగు మీద మక్కువ బోను నేర్పినది కాదు. ఆకలికీ ఆ మక్కువకూ మధ్య ఏం జరుగుతుందన్నదే అసలు ప్రశ్న.

సిడ్నీకి చెందిన రాబర్ట్ బోక్స్, అతనితో పనిచేసిన డ్వయర్ 1997లో దీనికి ఒక సూటి జవాబు చెప్పారు. ఎలుక తిండి మానేయడం లేదు, కొత్త భోజన వేళకు అలవాటు పడలేకపోతోంది అన్నారు. ఎలుక స్వభావరీత్యా రాత్రంతా కొంచెం కొంచెంగా చాలాసార్లు తినే జంతువు. దాన్ని ఒక గంటలో రోజంతటి మేత తినమంటే నేర్చుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది. చక్రం ఆ నేర్చుకోవడాన్ని దెబ్బతీస్తుంది. ముందే గంట భోజనానికి అలవాటు చేసి, ఆ తర్వాత చక్రం పెడితే చిక్కిపోవడం బాగా తగ్గుతుంది. అంటే ఏ పరిస్థితి ముందు, ఏది తర్వాత అన్న వరసకే ప్రాణం నిలిపే శక్తి ఉంది. మేత వేళ దగ్గరపడే కొద్దీ ఎలుక పరుగు పెంచుతుంది. తిండి కోసం ఎదురుచూపే పరుగై, ఆ పరుగే తిండిని దూరం చేస్తుంది. వయసు కూడా లెక్కలోకి వస్తుంది. లేత వయసు ఎలుకలు, తక్కువ బరువున్నవి త్వరగా పడిపోతాయి.

ఇక వెచ్చదనం. ఈ రంగం మొత్తంలో నన్ను ఎక్కువగా కదిలించిన పని ఇదే. స్పెయిన్‌లోని సాంతియాగో దె కాంపోస్తెలా విశ్వవిద్యాలయంలో ఎమిలియో గుతియెర్రెజ్ బృందం చాలా ఏళ్లు ఒకే ప్రశ్న పట్టుకుని పనిచేసింది: గది వేడి మారిస్తే ఏమవుతుంది? అదే చక్రం, అదే గంట మేత. 21 డిగ్రీల గదిలో ఎలుకలు ఎప్పటిలాగే పరుగెత్తి చిక్కిపోయాయి. 32 డిగ్రీల గదిలో పరుగు తగ్గింది, తిండి పెరిగింది, బరువు నిలిచింది. అంతకన్నా ముఖ్యమైన ఫలితం 2008లో వచ్చింది. బాగా చిక్కిపోయిన ఎలుకలున్న గదిని వెచ్చబరిస్తే, చక్రం అలాగే ఉన్నా అవి కోలుకున్నాయి. మందు లేదు, శస్త్రచికిత్స లేదు. మార్చింది గది వేడిని మాత్రమే.

దీని వెనుక శరీర ధర్మం అర్థం చేసుకోవడం కష్టం కాదు. చిక్కిన శరీరం వేడిని నిలుపుకోలేదు. పరుగెత్తితే ఒళ్లు వేడెక్కుతుంది. ఆకలితో చల్లబడుతున్న ఎలుకకు పరుగు కొంతవరకు చలి కాచుకునే దారి. నెదర్లాండ్స్‌లో హిల్లెబ్రాండ్ బృందం 2005లో బోనులో ఒక వెచ్చని పలకను పెట్టి చూసింది. ఎలుకలు దాని మీద సేద తీరాయి, వాటి పరుగు తగ్గింది. ఆకలి సమాచారాన్ని మెదడుకు చేరవేసే లెప్టిన్ కూడా ఈ కథలో ఉంది. ఒంట్లో కొవ్వు తగ్గితే లెప్టిన్ పడిపోతుంది. 2000లో ఎక్స్‌నర్, హెబెబ్రాండ్ తదితరులు ఆకలితో ఉన్న ఎలుకలకు లెప్టిన్ అందించి, వాటి అతి పరుగును అణచగలిగారు. ఇరవై ఏళ్ల తర్వాత జర్మన్, స్విస్ వైద్యులు కొద్దిమంది రోగుల్లో కృత్రిమ లెప్టిన్ వాడి, నిలకడలేని తనం, తిండి గురించిన బెంగ తగ్గాయని రాశారు. ముగ్గురు రోగుల అనుభవాన్ని రుజువు అనలేం. కానీ ఎలుక చూపిన దారి మనిషి దగ్గరకు చేరడం ఈ రంగంలో అరుదు, అందుకే దాన్ని గుర్తుంచుకోవాలి.

వైద్యానికి ఇది పూర్తిగా కొత్త కూడా కాదు. అనొరెక్సియా నెర్వోసా అన్న పేరు పెట్టిన లండన్ వైద్యుడు విలియం గల్, 1870లలోనే తన రోగుల ఒళ్లు చల్లబడటాన్నీ, అంత బలహీనంగా ఉండి కూడా వాళ్లు ఆగకుండా తిరగడాన్నీ గమనించాడు. బయటి నుంచి వెచ్చదనం ఇవ్వాలన్నాడు. వేడినీళ్లు నింపిన రబ్బరు గొట్టాన్ని వెన్ను వెంట ఉంచమని కూడా రాశాడు. తర్వాతి వందేళ్లలో కుటుంబం, మనసు, అందం గురించిన సిద్ధాంతాలు ముందుకొచ్చి ఈ మాట మరుగునపడింది. గుతియెర్రెజ్ దాన్ని మళ్లీ వెలికితీశాడు.

ప్రయోగశాలల గదులు సాధారణంగా 20 నుంచి 22 డిగ్రీల మధ్య ఉంటాయి. అక్కడ పనిచేసేవాళ్లకు అది హాయి. చిట్టెలుకకు మాత్రం అది చలి. ఒంటి వేడి కోసం అదనంగా శక్తి ఖర్చుపెట్టనక్కర్లేని స్థితి దానికి దాదాపు 30 డిగ్రీల దగ్గర మొదలవుతుంది. అంటే తిండి రుగ్మతలపై జరిగిన ప్రయోగాల్లో అత్యధికం, ఎవరూ అనుకోకుండానే, చలిని మూడో కారణంగా కలిపేశాయి. మన దేశంలో ప్రయోగ జంతువుల సంరక్షణకు కేంద్ర కమిటీ ఇచ్చిన మార్గదర్శకాల్లో గది ఉష్ణోగ్రతను సుమారు 18 నుంచి 29 డిగ్రీల మధ్య నియంత్రించగలగాలని ఉంది. జంతు సంక్షేమానికి ఆ పరిధి తగినదే కావచ్చు. కానీ పరుగు చక్రం పెట్టిన ఎలుక విషయంలో ఆ పరిధిలోని రెండు కొసలూ రెండు వేర్వేరు ప్రయోగాలు. హైదరాబాదులోనో, విశాఖలోనో ఎవరైనా ఈ నమూనాతో పని మొదలుపెడితే గది ఉష్ణోగ్రతను గంటగంటకూ రాసుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం.

మేత రకం సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 2008లో బ్రౌన్, అవెనా, హోబెల్ కొవ్వు ఎక్కువగా ఉన్న మేత ఇస్తే ఎలుకలు చిక్కిపోకపోవడమే కాదు, చిక్కినవి కోలుకోవడం కూడా చూపించారు. అంటే మెతుకు కూడా పరిసరాల్లో భాగమే.

బాల్యం గురించిన పని మరింత లోతైనది. గుతియెర్రెజ్, బోక్స్‌లతో కలిసి కరేరా 2006లో ఒక ఫలితం ప్రచురించింది: పుట్టిన తొలి వారాల్లో ఎలుక పిల్లలను రోజూ కాసేపు చేతుల్లోకి తీసుకుని మళ్లీ తల్లి దగ్గరకు చేర్చితే, పెద్దయ్యాక అవి చక్రం బోనులో త్వరగా చిక్కవు. 2009లో హాంకాక్, గ్రాంట్ దీని రెండో వైపును చూపించారు. తల్లి నుంచి రోజూ గంటల తరబడి వేరుచేసిన పిల్లలు పెద్దయ్యాక ఎక్కువ నష్టపోయాయి. మగా ఆడా రెండూ. పసితనంలో కొద్దిసేపటి ఎడబాటు ఒక రకంగా, దీర్ఘమైన ఎడబాటు ఇంకో రకంగా శరీరంలో నిలిచిపోతాయి. గర్భంలోని కాలాన్ని కూడా పరిశోధించారు. ఇజ్రాయెల్, జర్మనీలలో పనిచేసిన ష్రోడర్, అలోన్ చెన్ 2017లో గర్భం చివరి దశలో తల్లి చిట్టెలుకల మెదడులో ఒత్తిడి వ్యవస్థను ప్రేరేపించారు. వాటి ఆడపిల్లల్లో అతిగా తినే ధోరణి కనిపించింది. ఆ పిల్లలకు యవ్వనంలో ప్రత్యేకంగా సమతుల్యం చేసిన మేత పెడితే ఆ ధోరణి రాకుండా ఆగింది. పుట్టకముందే పడిన ముద్రను యవ్వనంలో మేతతో తుడవగలిగారంటే, తిరిగి సరిదిద్దే అవకాశం ఎంత ఆలస్యం దాకా తెరిచి ఉంటుందో ఆలోచించండి.

తోడు లేకపోవడం మరో పెద్ద అంశం. పరుగు చక్రం నమూనాలో ఎలుకను ఒంటరిగా ఉంచడం ఆనవాయితీ, ఎందుకంటే ఎవరెంత పరుగెత్తారో, ఎవరెంత తిన్నారో విడివిడిగా కొలవాలి. కొలత కోసం పెట్టిన ఆ ఒంటరితనమే రోగంలో పాలుపంచుకుంటుందని చూపిన అధ్యయనాల్లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది, న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో మద్రా, జెల్ట్సర్ 2016లో ప్రచురించినది. బీడీఎన్‌ఎఫ్ అనే మెదడు ప్రోటీన్ జన్యువులో మనుషుల్లో కనిపించే ఒక చిన్న తేడాను చిట్టెలుకల్లో ప్రవేశపెట్టారు. యవ్వనంలో ఉన్న ఆడ చిట్టెలుకలను కొన్నిటిని గుంపుగా, కొన్నిటిని ఒంటరిగా ఉంచారు. కొంతకాలం మేత తగ్గించారు. ఆ జన్యు తేడా ఉండి, ఒంటరితనమూ మేత కోతా రెండూ అనుభవించిన వాటిలో కొన్ని, ఎదురుగా తిండి ఉన్నా తమంతట తామే తినడం మానేశాయి. జన్యు తేడా ఉన్నా తోడుంటే అంత ప్రమాదం రాలేదు. ఇక్కడ జన్యువు ఒక తలుపు లాంటిది కూడా కాదు, మూడు పేటల తాడులో ఒక పేట.

దీని పక్కన జాక్సన్ ప్రయోగశాలలో 1976లో బయటపడిన ఒక రకం చిట్టెలుకను పెట్టి చూడండి. ఆ ఉత్పరివర్తన ఉన్న పిల్లలు పుట్టిన మూడు వారాల దగ్గర తిండి లేక చనిపోతాయి. పరిసరాలు ఎలా ఉన్నా ఫలితం దాదాపు ఒకటే. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో గుర్తించిన స్థూలకాయ ఎలుకల వంశం ఇంకో కొస. అవి పుట్టుకతోనే అతిగా తింటూ, విపరీతంగా బరువు పెరుగుతాయి. ఊబకాయం, మధుమేహం మీద జరిగే పరిశోధనకు వాటి విలువ చాలా ఎక్కువ. కానీ తిండి రుగ్మత అనే మాటకు ఈ రెండు రకాలూ దూరంగా ఉన్నాయని నా నమ్మకం. 2019లో దాదాపు 17 వేల మంది రోగుల జన్యువులను పరిశీలించిన అంతర్జాతీయ అధ్యయనం అనొరెక్సియాతో ముడిపడిన ఎనిమిది చోట్లు గుర్తించింది. వాటిలో ఏదీ ఒక్కటే రోగాన్ని తెచ్చేంత బలమైనది కాదు. కాబట్టి మనిషికి దగ్గరగా ఉన్న నమూనా మద్రా, జెల్ట్సర్‌లదే.

అతిగా తినే వైపు వెళ్తే అక్కడా ఇదే జత మళ్లీ ఎదురవుతుంది. అమెరికాలో మేరీ హేగన్ బృందం 2002లో ఎలుకలకు కొన్ని రోజులు మేత తగ్గించి, మళ్లీ కడుపునిండా పెట్టి, ఇలా కొన్ని విడతలు చేసింది. తర్వాత పాదాలకు స్వల్ప విద్యుత్ షాక్ ఇచ్చి, ఓరియో బిస్కట్లు ముందుంచింది. గతంలో ఆకలి విడతలు అనుభవించి, ఇప్పుడు ఒత్తిడికి లోనైన ఎలుకలే కడుపు నిండి ఉన్నా ఆబగా తిన్నాయి. ఆకలి చరిత్ర ఒక్కటీ, ఒత్తిడి ఒక్కటీ ఆ పని చేయలేదు. డైటింగ్ చేస్తూ ఆపుతూ ఉండే అమ్మాయికి పరీక్షల వారంలో ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా సూటి ప్రయోగం నేను చూడలేదు.

రెబెక్కా కార్విన్ పద్ధతిలో ఆకలే లేదు. మామూలు మేత ఎప్పుడూ ఉంటుంది. వనస్పతి లాంటి కొవ్వును వారానికి మూడు రోజులు, అదీ కాసేపే ఇస్తారు. రోజూ ఇచ్చినవాటికన్నా ఈ ఎలుకలు ఆ కాసేపట్లో ఎక్కువ తినేస్తాయి. ప్రిన్స్‌టన్‌లో అవెనా, హోబెల్ రోజులో 12 గంటలు మాత్రం చక్కెర నీళ్లు ఇచ్చి ఇలాంటి ఫలితమే చూశారు. రుచికరమైన తిండిని అరుదుగా చేయడమే దాన్ని ఆబగా తినిపిస్తుంది. ఇటలీలోని కమెరీనో పరిశోధకులు మరో అడుగు వేసి, నూటెల్లా కలిపిన ముద్దను ఎలుక కళ్ల ముందు, వాసన తగిలేలా, అందకుండా 15 నిమిషాలు ఉంచారు. ఒకప్పుడు మేత కోత అనుభవించిన ఆడ ఎలుకలు ఆ తర్వాత అది అందగానే విపరీతంగా తిన్నాయి. షాక్ అక్కర్లేదు, కనబడి అందకపోవడమే చాలినంత ఒత్తిడి. మిషిగన్‌లో కెల్లీ క్లంప్ బృందం ఆడ ఎలుకల్లో ఈ ధోరణి మగవాటికన్నా బాగా ఎక్కువనీ, అది యవ్వనంలో బయటపడుతుందనీ చూపింది.

ఇన్ని ఫలితాలు చదివాక ఒక ఇబ్బంది మిగులుతుంది. ఒక ప్రయోగశాలలో తేలినది ఇంకోచోట తేలదు. 1999లో క్రాబ్, వాల్‌స్టెన్, డుడెక్ ఒకే వంశాల చిట్టెలుకలను ఆల్బనీ, ఎడ్మంటన్, పోర్ట్‌లండ్ నగరాల్లో వీలైనంత ఒకే పద్ధతిలో పరీక్షించారు. అయినా కొన్ని ఫలితాలు ఊరిని బట్టి మారాయి. 2014లో మాంట్రియల్‌లో జెఫ్రీ మోగిల్ బృందం, పురుషులు దగ్గరుంటే, చివరికి వాళ్లు తొడిగిన చొక్కా దగ్గరుంటే కూడా ఎలుకలు ఒత్తిడికి లోనవుతాయని చూపింది. ఎవరు మేత వేశారు, ఏ వేళ వేశారు, పక్క బోనులో ఎవరున్నారు, కింద పరిచిన పొట్టు ఎంత మందంగా ఉంది, ఇవన్నీ వ్యాసాల్లో ఒక్క వాక్యంలో సరిపెడతారు. ఒత్తిడినీ తిండినీ కొలిచే రంగంలో ఆ వాక్యం చాలదు.

అసలు నమూనా సరిపోని చోట్లు కూడా చెప్పాలి. ఎలుక వాంతి చేసుకోలేదు, దాని శరీర నిర్మాణం అందుకు అనువుగా లేదు. కాబట్టి అతిగా తిని వాంతి చేసుకునే బులీమియాను పూర్తిగా ఎలుకలో చూడలేం. మన ఇళ్లలో తిరిగే చుంచు వాంతి చేసుకోగలదు, అందుకే వాంతుల పరిశోధనలో దాన్ని వాడతారు. ఇక అద్దం ముందు నిలబడి లావయ్యానని భయపడటం ఏ జంతువుకూ లేదు. 1995లో టెలివిజన్ ప్రవేశించిన ఫీజీ ప్రాంతంలో యాన్ బెకర్ చేసిన అధ్యయనం ఇక్కడ గుర్తొస్తుంది. మూడేళ్లలో అక్కడి బాలికల్లో తిండి గురించి ప్రమాదకరమైన ఆలోచనలున్నవారి వాటా 12.7 నుంచి 29.2 శాతానికి పెరిగింది. ఈ రకం పరిసరాన్ని ఏ బోనులోనూ పెట్టలేం.

అయితే ఆ భయం లేకుండానే రోగం రావచ్చు. హాంకాంగ్ వైద్యుడు సింగ్ లీ 1993లో వర్ణించిన 70 మంది రోగుల్లో సగానికి పైగా లావవుతామన్న భయమే లేనివారు. కడుపు ఉబ్బరమనీ, తిండి సయించడం లేదనీ చెప్పేవారు. మన ఊళ్లలోనూ అలా చెప్పే అమ్మాయిని ముందు కడుపు డాక్టరు దగ్గరకే తీసుకెళ్తారు. అలాంటి రోగులను అర్థం చేసుకోవడానికి ఎలుక నమూనా మనం అనుకున్నదానికన్నా దగ్గరగా ఉంది. సహజంగా తిండి తగ్గించుకునే జంతువులూ ఉన్నాయి. మన కోళ్లకు పూర్వీకురాలైన అడవి కోడి గుడ్లు పొదిగేటప్పుడు పక్కనే గింజలున్నా చాలా తక్కువ తింటుంది. 1980లో షెర్రీ, మ్రోసోవ్‌స్కీ, హోగన్ దీన్ని పరిశీలించారు. పొదుగు రోజుల్లో మరీ ఆకలి పెట్టి వదిలితే కోడి తింటుంది, కానీ పొదిగే కోడికి ఆ రోజున ఉండవలసినంత బరువు వరకే తిని ఆగుతుంది. ఎంత తినాలన్న లెక్కే పరిస్థితిని బట్టి మారుతుందన్నమాట. ఆ మార్పును మొండితనం అనలేం.

ఇవన్నీ రోగి మంచం దగ్గరకు ఎంతవరకు చేరాయి? వెచ్చదనం విషయంలో ఒక పరీక్ష జరిగింది. 2004లో బర్మింగ్‌హామ్ అనే కెనడా వైద్యుడు, గుతియెర్రెజ్ తదితరులతో కలిసి 21 మంది మహిళా రోగులకు వేడి పుట్టించే చొక్కాలు తొడిగించాడు. దాదాపు సగం మంది చొక్కాల్లో వేడి నడిచింది, మిగతావారివి ఆపి ఉంచారు. రోజుకు మూడు గంటలు, మూడు వారాలు. బరువులో తేడా రాలేదు. స్వీడన్‌లో బెర్గ్, సోడెర్‌స్టెన్ తమ చికిత్సలో వెచ్చని గదిలో విశ్రాంతిని, తినే వేగాన్ని నేర్పడంతో కలిపి 2002లో మంచి ఫలితాలు ప్రకటించారు. అందులో ఆ చికిత్స పొందినవారు 16 మందే, వెచ్చదనం వాటా ఎంతో విడదీయలేం.

చొక్కా పరీక్ష విఫలమైందని ఈ దారి మూసేయడం సరికాదని నా అభిప్రాయం. ఎలుకలు కోలుకున్నది పూర్తిగా వెచ్చగా ఉన్న గదిలో, రోజంతా. మనుషులకు ఇచ్చింది వెన్నుకూ ఛాతీకీ, మూడు గంటలు. ఎలుకల్లో మొదట మారినది పరుగు, మనుషుల్లో కొలిచినది బరువు. గది మొత్తాన్ని వెచ్చగా ఉంచి, రాత్రీపగలూ రోగి కదలికలను మణికట్టు పరికరంతో కొలుస్తూ, అతిగా తిరిగే రోగులను తిరగనివారి నుంచి వేరుచేసి, పక్కన తోడున్నవారినీ లేనివారినీ విడిగా లెక్కించి ఒక పరీక్ష చేయాలి. దానికి కావలసిన ఖర్చు ఏ కొత్త మందు పరీక్ష ఖర్చుతో పోల్చినా చాలా తక్కువ.